వంటయింటికి చేరని వైఫై



ఇల్లు కట్టునపుడు గాలి యెటు వచ్చును, వెలుతురెటు పడును, వాననీరెటు పోవును అని పెద్దలు ముందుగా విచారింతురు. నేడు వీనికి నాలుగవ విచారమొకటి తోడైనది. వైఫై ఎంతవఱకు చేరును? పిల్లల పాఠములు, పొదుపు సంఘపు లెక్కలు, అంగడి చెల్లింపులు, దూరదేశములందున్న బిడ్డల ముఖదర్శనము, 2020 నుండి ఈ-సంజీవని మూలమున ఇంటనుండియే లభించుచున్న వైద్యుని సలహా, ఇవి యన్నియు ఆ కానరాని త్రాటిమీదనే నడచుచున్నవి. అట్టిది కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతముల యిండ్లలో తలవాకిట సమృద్ధిగా నుండి వంటయింట శూన్యమగుట మేము తఱచుగా చూచుచున్నాము. దీనికి మందుగా “మెష్” అను పేర రెండేసి, మూడేసి పెట్టెల కట్టలు అంగళ్ల నమ్మబడుచున్నవి. వానిని కొనవలయునా, కొనినచో నెట్టివానిని కొనవలయును, ఎచట నుంచవలయును అని పలువురు గృహిణులు మమ్మడుగుచున్నారు. ఈ మాసమున ఆ విషయమును మాకు తెలిసినంతవఱకు వివరించెదము.

మొదట మన యిండ్ల స్వభావము తెలియవలెను. మనది రాతిసీమ. 1872లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఈ ప్రాంతపు శిలలను గూర్చి గ్రంథము వ్రాసినపుడు ఆ శిలల తరగతులకు కడప, కర్నూలు అను మన యూళ్ల పేర్లనే యుంచెను. బేతంచెర్ల బండలు, కడప నాపరాళ్లు దేశమంతట నేలలకు పరుపబడుచుండగా, మన పల్లెలలో ఆ రాళ్లే గోడలు, ఆ బండలే కప్పులు. పాత మిద్దెలలో గోడ మందము మూరకు తక్కువ యుండదు. వేసవి తాపమును తాళుటకు పెద్దలు కట్టిన యీ గోడలు ఎండను ఎట్లడ్డగించునో వైఫై తరంగములను గూడ నట్లే అడ్డగించును. క్రొత్త యిండ్లలో గోడలు పలుచనివే యైనను, సిమెంటు కప్పులో నల్లిన యినుపకమ్ములు మీది యంతస్తునకు తరంగములను సులభముగా పోనీయవు. బట్టల బీరువా, ఫ్రిజ్జు, నీళ్ల తొట్టి, నిలువుటద్దము ఇవియు నడ్డంకులే. చెక్క తలుపు, కిటికీ మాత్రము కొంత దయగలవి.

ఈ తరంగములు ముఖ్యముగా రెండు విధములు. ఒకటి 2.4 గిగాహెర్ట్జులది, రెండవది 5 గిగాహెర్ట్జులది. మొదటిది నిదానమైనది గాని గోడలను కొంత దాటి దూరము పోగలదు. రెండవది మిక్కిలి వేగము గలది గాని గోడ యెదురైనంతనే నీరసించును. మన దేశమున 2.4 పాయను ఇంటివారు లైసెన్సు లేకయే వాడుకొనుటకు 2005లో అనుమతి కలిగెను. ఇరుగుపొరుగు పెట్టెలన్నియు ఆ పాయలోనే మాటలాడుచుండుటచే అచట సందడి యెక్కువ. వంటయింటి మైక్రోవేవు పొయ్యి సైతము దాదాపు ఆ పాయలోనే పని చేయును గనుక, అది తిరుగుచున్నంతసేపు ప్రక్కనున్న ఫోను తడబడుట కలదు. కావున వేగము కావలెనన్న 5 కావలెను. 5 కావలెనన్న పెట్టె చేరువలో, గోడ కీవల నుండవలెను. మెష్ అను యేర్పాటు యొక్క అవసరమంతయు ఈ యొక్క వాక్యమున నున్నది.

ఇక దీనివలన నష్టపోవువారెవరు? కంపెనీవారి మనిషి తీగను వీధి స్తంభమునుండి లాగి, వాకిటి కెదురుగానున్న గోడకే పెట్టెను బిగించి పోవును. అతనికి పని తేలిక, తీగ పొదుపు. ఆ పెట్టె యెదుట నున్నది పడసాల. అందు కూర్చుండువారు మగవారు, వచ్చిపోవు చుట్టములు. నట్టిల్లు, కొట్టిడి, వంటయిల్లు, దొడ్డివైపు గది, ఇవి ఆడువారు, బాలికలు, ముసలివారు మసలు చోట్లు. గోడలన్నియు దాటి యచటికి చేరునది ఏమియు నుండదు. అందఱి కొఱకని నెలనెల రుసుము చెల్లింపబడుచున్నను ఫలము సగమింటికే దక్కుచున్నది.

మా యెఱుకలోని యొక యింట ఇంటర్మీడియేటు చదువు బాలిక కలదు. ఆమె గది దొడ్డివైపున నున్నది. రాత్రి పాఠము వినవలెనన్న పడసాలకు రావలెను. అచట తండ్రియు నాతని మిత్రులును టీవీ యెదుట కూర్చుందురు. అరుగుమీదికి పోయిన “ఆడపిల్లకు ఈ పొద్దులో వీధిలో ఏం పని?” అని అవ్వ గదుమును. నెల తిరుగకముందే ఆ బాలిక రాత్రి పాఠములు మానుకొన్నది. పిల్లకు చదువుమీద మనసు లేదని యింటివారనుకొనిరి. లేనిది మనసు కాదు. నట్టింటి గోడ కావల వైఫై. ఇట్టి నింద మోయుచున్న బాలికలు మన సీమలో నెందఱున్నారో యని మేము చింతిల్లుచున్నాము. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము పురికొల్పినది యంత్రములమీది ముచ్చట గాదు, ఈ చింతయే.

మెష్ అనగా నేమో చెప్పెదము. ఒక్క పెద్ద పెట్టెకు బదులు రెండు మూడు చిన్న పెట్టెలు ఇంట నక్కడక్కడ నుండి, ఒకదానితో నొకటి మాటలాడుకొనుచు, ఒకే పేరుతో, ఒకే రహస్యపదముతో పని చేయుట. పడసాలనుండి వంటయింటికి నడచునపుడు ఫోను తానే దగ్గఱి పెట్టెకు మాఱుకొనును, మనమేమియు నొక్కనక్కఱలేదు. “ఎక్స్‌టెండరు” అను చవుకరకము పెట్టె వేఱు. అదియు తరంగమును ముందునకు పంపును గాని తఱచు మఱియొక పేరుతో నిలుచును. ఫోను పాత పెట్టెనే పట్టుకొని వ్రేలాడుచుండును. గృహోపయోగమునకై మెష్ కట్టలు 2016 ప్రాంతమున విరివిగా నంగళ్లకు వచ్చినవి. టీపీ-లింక్ వారి డెకో, నెట్‌గేర్ వారి ఆర్బీ, అమెజాన్ వారు 2019లో కొనిన ఈరో మొదలగునవి ఈ జాతివే.

దీని మర్మము మన కర్నూలు–కడప కాలువ నెఱిగినవారికి సులభముగా బోధపడును. మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించి, 1882లో ప్రభుత్వపరమైన యా కాలువ సుంకేసుల యొద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడప దాక వచ్చును. తలకట్టున నెన్ని నీళ్లు వదలిరన్నది యొక లెక్క. చివరి చేనికెన్ని చేరెనన్నది వేఱొక లెక్క. నడుమ గండ్లు పడి, పూడిక నిండినచో చివరి రైతునకు దక్కునది తడి మట్టియే. కంపెనీవారు చెప్పు “వంద మెగాబిట్లు” తలకట్టు లెక్క. వంటయింటి ఫోనులో కనబడునది చివరి చేని లెక్క. మెష్ పెట్టెలు నడుమ పిల్లకాలువలవంటివి. అవి నీటిని పంచగలవేగాని పుట్టింపజాలవు.

కావున కొనుటకు ముందు చేయవలసిన పరీక్ష యొకటి కలదు. ఒక కాగితము, ఒక ఫోను చాలును. ఇంటి పటమును చేతితో గీసికొనవలెను. మొదట పెట్టె చెంతనే నిలిచి ఫోనులో వేగమును కొలువవలెను. పిదప ప్రతి గదిలోను తలుపులు మూసి, ఉదయమొకమాఱు, రాత్రి యెనిమిది గంటల కొకమాఱు కొలిచి, ఆ సంఖ్యలను పటముమీద వ్రాసికొనవలెను. పెట్టె చెంతనే వేగము లేనిచో తప్పు తీగది, కంపెనీది. ఎన్ని పెట్టెలు కొనినను ప్రయోజనము లేదు. పెట్టె చెంత నిండుగానుండి గదులలో తగ్గినచో తప్పు గోడలది. అప్పుడే యీ విచారము తగును. సెకనుకు 5 మెగాబిట్లు నిలకడగా వచ్చినచో స్పష్టమైన పాఠపు వీడియో సాగును. ముఖాముఖి సంభాషణకు 3, 4 చాలును. నలుగురున్న యింటికి 40, 50 మెగాబిట్ల పథకమే తఱచు సరిపోవును. ఎక్కువ రుసుము గల పథకమునకు మాఱుట గోడకు మందు కాదు.

రెండవ మెట్టు, ఉన్న పెట్టెను కదల్చుట. దీనికి ఖర్చు స్వల్పము. వాకిటి గోడనుండి నట్టింటి గుమ్మముపైకి పెట్టెను మాఱ్చి, ఎత్తున, బహిరంగముగా, బీరువా చాటున గాక నిలిపినచో చిన్న యిండ్లలో చాలవఱకు జబ్బు కుదురును. తీగను పొడిగించుటకు కంపెనీవారి మనిషినే పిలువవలెను. గాజునూలువంటి యా తీగను మడచిన విఱిగిపోవును. క్రొత్తగా తీగ వేయించుకొనువారు ఆనాడే యింటివారందఱి యెదుట “పెట్టె నట్టింట నుండవలెను” అని గట్టిగా చెప్పవలెను. అంత చేసినను దొడ్డివైపు గదికి చేరనిచో, లేక మీద నింకొక యంతస్తున్నచో మెష్ కొనుట న్యాయము.

కొనినవారు సామాన్యముగా చేయుచున్న పొరపాటు పెట్టెను నిలుపు తావులో నున్నది. పైన చెప్పిన యింటివారు బిడ్డ చదువు కొఱకు మూడు పెట్టెల కట్టను తెప్పించిరి. రెండవ పెట్టెను తీసికొనిపోయి వైఫై బొత్తుగా లేని దొడ్డివైపు గదిలోనే యుంచిరి. “ఏమక్కా, మూడు పెట్టెలు తెస్తిమి గదా, వీడియో ఇంకా తిరుగుతానే ఉంది!” అని ఆ యిల్లాలు మాతో వాపోయినది. పెట్టెకు తానే వినబడని మాటను ఇతరులకెట్లు వినిపింపగలదు? సుందరకాండ నెఱిగిన మన సోదరీమణులకు మైనాకుడు గుర్తుండును. హనుమంతుని విశ్రాంతి కొఱకు ఆ పర్వతరాజు సముద్రమధ్యమున లేచెనుగాని లంకలో లేవలేదు. లంకలో లేచినచో నెవరి కుపయోగము? మెష్ పెట్టెయు నట్లే నడుదారి నుండవలెను; మొదటి పెట్టె మాట బాగుగా వినబడుచోట, చీకటి గదికి చేరువగా, వీలైనచో రెండు గుమ్మములు సూటిగా కనబడు తావున నుంచవలెను. ఆ యింట పెట్టెను నట్టింటి గుమ్మము ప్రక్క గూటికి మాఱ్చగా దొడ్డివైపు గదికి 12 మెగాబిట్లు వచ్చినవి. మూడవ పెట్టె యవసరమే లేకపోయినది. కావున మొదట రెండింటి కట్టనే కొనవలెను. చాలనిచో ఆ జాతిదే మఱియొకటి పిమ్మట చేర్చుకొనవచ్చును.

ఇంతకంటె మేలైన మార్గము మఱియొకటి కలదు. రెండు పెట్టెల నడుమ సంభాషణ గాలిలో గాక తీగలో జరుగునట్లు చేయుట. ఒకే పాయలో వినుటయు, తిరిగి పలుకుటయు చేయు పెట్టెకు కాలములో సగము వినుటకే పోవును. అందుచే వేగము సుమారు సగమగును. నడుమ మూరెడు రాతిగోడ యున్నచో ఆ సగములోను సగమే మిగులును. ఈథర్నెట్ తీగ వేసినచో నీ నష్టమేమియు లేదు. “క్యాట్ 6” అను పేర నమ్మబడు తీగ 100 మీటర్ల వఱకు పని చేయును. మన యిండ్లలో నంత దూర మెచటను లేదు. గోడలను తొలువ నిష్టము లేనివారు పాత మిద్దెలలో గవాక్షిగుండ తీగను పైకి తీసి, గొట్టములో నుంచి, వెనుక గది గవాక్షిగుండ దింపవచ్చును. పిడుగుల కాలమున బయటి తీగ యపాయకరము గనుక, ఇంటిలోపల దూలముల వెంబడి పోవు దారి యున్నచో అదియే శ్రేష్ఠము. క్రొత్తగా నిల్లు కట్టుకొనుచున్నవారు కరెంటు గొట్టములతోపాటు ప్రతి గదికి ఒక ఖాళీ గొట్టమును వేఱుగా వేయించుట మఱవరాదు. నేడు దాని ఖర్చు అత్యల్పము. రేపు గోడ పగులగొట్టుట కష్టము.

ఇక అంగడిలో పెట్టెమీది వ్రాతను చదువు విధము. “1200” వంటి పెద్ద సంఖ్యను చూచి మురియరాదు. అది 2.4 పాయలోని 300ను, 5 పాయలోని 867ను కూడి, గుండ్రముగా పెంచిన మొత్తము; ఏ యొక్క ఫోనునకును అంత వేగము రాదు. “డ్యూయల్ బ్యాండ్” అనగా రెండు పాయలది. “ట్రై బ్యాండ్” అనగా మూడు పాయలది. ఆ మూడవదానిని పెట్టెలు తమలో తాము మాటలాడుకొనుటకు వాడుకొనవచ్చును. తీగ వేయ వీలులేని పెద్ద యింటికి మూడు పాయలది మంచిది. తీగ వేసినవారికి రెండు పాయలదే చాలును. “వైఫై 6” అను తరగతికి 2019 నుండి, “వైఫై 7” అను తరగతికి 2024 నుండి ధ్రువపత్రము లిచ్చుచున్నారు. ఇంట నున్న ఫోనులు పాతవైనచో ఏడవ తరగతి పెట్టెకు ధనము వెచ్చించుట బావిలో నీళ్లున్నవని చేంతాడు లేక మోకు బారెడు కొనుటవంటిది; నేడు సామాన్య గృహమునకు ఆఱవది తగును. పెట్టె వెనుకనున్న తీగరంధ్రములు “గిగాబిట్” వగునో కాదో చూడవలెను; కొన్ని చవుక పెట్టెల రంధ్రములు 100 మెగాబిట్లకు మించి పోనీయవు. 50 మెగాబిట్ల పథకము గలవారికి అదియు లోపము కాదు. వారంటీ యెన్ని యేండ్లు, మరమ్మతు మన జిల్లాలో జరుగునా యను రెండు ప్రశ్నలను రసీదు తీసికొనకముందే యడుగవలెను.

మన సీమకు ప్రత్యేకమైన జాగ్రత్తలు రెండు. ఇట్టి పెట్టెలు చాలవఱకు 40 డిగ్రీల వేడి వఱకే యని నిర్మాతలు వ్రాయుదురు. మన చైత్ర వైశాఖములలో బయటి యెండయే యంతకు మించును. కావున రేకుల క్రింద, పడమటి గోడమీద, పొయ్యి చేరువ పెట్టెను నిలుపరాదు. రెండవది కరెంటు కోత. ఒక్క పెట్టెకు ఇన్వర్టరు తోడుండి రెండవదానికి లేనిచో ఫలము లేదు. రౌటరు కొఱకే చిన్న బ్యాటరీ పెట్టెలు దొరకును. వానిని కొనునపుడు మన పెట్టెకు ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు కావలెనో దాని యడుగున చూచి సరిపోల్చుకొనవలెను. క్రొత్త పెట్టెలు బిగించిన పిమ్మట కంపెనీవారి పాత పెట్టెలోని వైఫైని ఆర్పించుట మఱవకుడు. లేనిచో రెండు పేర్లు కలహించి ఫోను నెటును తేల్చుకొననీయవు.

కడపట నొక్క మాట చెప్పవలసియున్నది. అన్నింటికంటె నిది ముఖ్యమని మేము తలంచుచున్నాము. ఈ మెష్ పెట్టెల పెత్తనమంతయు ఒక ఫోనులోని యాప్‌లో నుండును. ఆ యాప్ ఎవరి చేత నున్నదో వారు ఇంటిలో ఎవరి ఫోనునకైనను వైఫై నిలిపివేయగలరు, కాలపరిమితి విధింపగలరు, ఎవరెప్పుడు వాడిరో చూడగలరు. పసిపిల్లలను అర్ధరాత్రి ఆటలనుండి మఱలించుటకు ఇది మంచి సాధనమే. కాని పెద్దపిల్ల చదువునకో, ఇల్లాలి సంభాషణకో అదే సంకెల కారాదు. మన పూర్వులు భాండాగారపు తాళపుచెవులను గృహిణి నడుమున నుంచిరి. ఈ తాళపుచెవి మాత్రము ఆమెకేల లేకుండవలెను? పెట్టెను బిగించిన దినముననే యాప్‌ను ఇల్లాలి ఫోనులో గూడ నిర్వాహకురాలి హోదాతో చేర్పించుకొనవలెను. రహస్యపదము ఊరిపేరో, పిల్లవాని పుట్టిన దినమో గాక పన్నెండక్షరములకు తక్కువ లేనిదై యుండవలెను. భద్రతావిధానమును “డబ్ల్యూపీఏ3” గా, పాత ఫోనులున్నచో “డబ్ల్యూపీఏ2” తో కలిపి, యుంచవలెను. చుట్టములకు “గెస్ట్” అను వేఱు పేరు పెట్టి యిచ్చినచో మన యింటి యంత్రముల జోలికి వారు రాజాలరు; వారికిని చిన్నతనము లేదు.

సంగ్రహముగా చెప్పెదము. ముందు కొలువుడు, పిదప కదల్పుడు, అటుపిమ్మట తీగ వేయుడు, చివరకు కొనుడు. కొనునపుడు రెండు పెట్టెలే కొనుడు, నడుదారి నుంచుడు, పెత్తనములో పాలు తీసికొనుడు. ఇంటి పటముమీద గదులకు సంఖ్యలు వేయునపుడు పడసాలనుండి గాక, ఇంటిలో మిక్కిలి లోపలి గదినుండి లెక్క ప్రారంభింపుడు. అచట పాఠము వినబడినచో ఇల్లంతయు వినబడినట్లే. ఆ గదిలో కూర్చుండు బిడ్డకు మనసున్నదో లేదో యను తీర్పు దాని తరువాతనే చెప్పవలెను.